నోరు తెరిచిన బొమ్మ

అడవిలో రేచుకుక్కలు అంతరించాక, పాతకాలపు బొమ్మలు చూసి ఒక యంత్రం వాటిని పుట్టిస్తోంది. బొమ్మలో ఎలా ఉంటే అలాగే పుడతాయి. పాపం, యంత్రానికి అంతకుమించి తెలిస్తే కదా! ఆనాటి చిత్రకారులేమో వేటాడి తెచ్చిన జంతువు మూతి దారంతో కట్టేసి గీసేవారు. అందుకే జంతుశాలలో కూనల్ని సాకే నూకాలు ఒళ్లోని పిల్లకి పెదవులు అతుక్కుపోయి ఉన్నాయి. పాలన్నీ గడ్డం మీదుగా కారిపోతున్నాయి.

"నోరు తెరిచిన బొమ్మ ఒక్కటీ లేదేటి బాబూ?" అని యంత్రం నడిపే జోగారావుని బతిమాలింది.

"ఒకటుంది నూకాలమ్మా. తుపాకీ దెబ్బ తిని అరుస్తుంటే గీసింది. డొక్కలో గాయం కూడా గీసేశారు."

ఒళ్లో పిల్ల కదలడం మానేసింది.

"అదే పుట్టించండి," అంది నూకాలు, కొంగు చింపుతూ. "కట్టు నాను కడతాను. పాలు తాగితే సాలు."