సలోమి చుట్టిన బీడీలు

"పన్ను సంగతి తర్వాత జూద్దాం. ముందుగాల బీడీల సంగతి తేల్చు బిడ్డా," అంటూ ఈరవ్వ కుర్చీ ముందుకు జరుపుకుంది.

కామారెడ్డి స్టేషన్ రోడ్డులో పన్నుల లెక్కలు చూసే దేవరాజ్ పెన్ను కింద పెట్టేశాడు. ఈ వారంలో ఆమె ఎల్లారెడ్డి నుంచి బస్సెక్కి రావడం ఇది నాలుగోసారి. ఫోన్‌లో అడగమంటే వినదు. ఫోన్‌లో అయితే మధ్యలో పెట్టేస్తాడని ఆమె అనుమానం. ఎదురుగా కూర్చుంటే ఎక్కడికి పోతాడు?

"సలోమి వీసాకు, బీడీలకు ఏం సంబంధం అవ్వా?"

"అదే నాకు సమజ్ అయితలేదు. నువ్వే అడుగు," అని ఈరవ్వ ఫోన్ స్పీకర్‌లో పెట్టి బల్ల మీద ఉంచింది.

సలోమి నాలుగేళ్లు పరదేశంలో ఇంజనీరింగ్ చదివింది. యంత్రాలు తయారుచేసే కంపెనీ ఒకటి పిలిచి ఉద్యోగం ఇచ్చింది. చదువు కోసం ఇచ్చిన వీసా గడువు తీరిపోయింది కనుక ఇప్పుడు పని వీసా కావాలి. రేపే ఇంటర్వ్యూ. కాదన్నారంటే ఉద్యోగం చేతికందినట్టే అంది జారిపోతుంది.

"దేవరాజన్నా," సలోమి గబగబా అడిగింది. "చదువుకునేటప్పుడు ఏమన్న పని చేసినవా అని అడుగుతరట. సెలవులల్ల అవ్వ పక్కన కూసొని బీడీలు చుట్టిన. అది పని కాదా?"

దేవరాజ్ నవ్వుతాడనుకుంది ఈరవ్వ. అతను నవ్వలేదు. అది చూసి ఆమె ఫోన్‌ను అతని దగ్గరికి జరిపింది.

"చదువు వీసా మీద ఉండి పైసలకు పని చేస్తే తప్పే తల్లీ. కూలి తీసుకున్నవా?"

"కూలా!" సలోమి నోరు విప్పకముందే ఈరవ్వ అందుకుంది. "పొద్దంత కూసుంటే యాభై చుట్టింది. ఆ యాభై గూడ కార్ఖానల ఏరి పారేసిన్రు. నా ఆకు పాయె, నా తంబాకు పాయె. ఉల్టా నాకే నుక్సాన్."

ఈసారి దేవరాజ్ పగలబడి నవ్వాడు. "అడిగితే ఇదే చెప్పు తల్లీ. ఏదీ దాచకు. నేర్చుకుందామని చుట్టిన, పైసా ముట్టలేదు అను."

సలోమి గొంతు కాస్త తేలికపడింది. "ఇంకొక్కటన్నా. జీతంల పన్ను కోస్తరట, పింఛను కింద గూడ కోస్తరట. నేను పరాయి దేశందాన్ని గదా, నాకెందుకు?"

"పనిచేసే దేశం కానూను ఒప్పుకోవాలె. ఏడాదిల నూట ఎనభై రెండు రోజులు ఏ దేశంల ఉంటే, పన్ను కాడ ఆ దేశం మనిషి కిందనే లెక్క. వీసా కాడ మాత్రం పరాయి మనిషివే."

"ఇదేం న్యాయం?" ఈరవ్వ కస్సుమంది. "గుంజుకునేటప్పుడు సొంతం, ఉండనిచ్చేటప్పుడు పరాయా?" మళ్లీ తనే చల్లబడింది. "పోనీ, కోయనియ్యి బిడ్డా. నా బీడీల పైసలల్ల కోస్తలేరా? ముసలితనంల అక్కెరకొస్తది."

మర్నాడు ఎల్లారెడ్డిలో ఇంటి అరుగు మీద చాట ఒడిలో పెట్టుకుని కూర్చుందే గానీ ఈరవ్వ చేతులు ఆడలేదు. ఆకు ఒక సైజు, కత్తిరింపు ఒక సైజు. పక్కింటి భూమక్క చూసి చూసి నవ్వింది.

"వీసా కోసం ఇంత తండ్లాడుతున్నవు. కన్నతల్లిని ఇడిచి అంత దూరం ఉండుడు ఆ పిల్లకు కష్టం కాదా?"

"కష్టమే. అయినా దాని కాళ్ల మీద అది నిలవడ్తది."

"కొలువు చేసే దేశంలనే పెండ్లి గూడ చేసుకుంటే ఏం జేస్తవే?"

"ఏం జేస్త? నేనే ముంగట నిలవడి చేయిస్త."

సాయంత్రం అయిదింటికి ఫోన్ మోగింది. ఎత్తగానే అటువైపు ఏడుపు. ఈరవ్వ ఒడిలో చాట కింద పడి తంబాకు అరుగంతా చల్లుకుపోయింది.

"ఏమైంది బిడ్డా? బీడీలేనా కొంప ముంచినయి?"

"బీడీల ముచ్చట చెప్పిన అవ్వా. ఎన్ని చుట్టినవని అడిగిండు ఆఫీసరు. యాభై చుట్టిన, యాభై పారేసిన్రు అని చెప్పిన. ఒక్కటే నవ్వుడు. 'నువ్వు ఇంజనీరింగే చేసుకో' అన్నడు."

"మరి ఏడుస్తవేందే?"

"ఇచ్చిన్రు అవ్వా! మూడు వారాలల్ల కొలువుల చేరాలె. ఫోటో పంపిన, చూడు."

ఈరవ్వకు కాళ్లు నేల మీద నిలవలేదు. వంటింట్లోకి ఉరికి గుప్పెడు చక్కెర తెచ్చి భూమక్క నోట్లో పోసింది. ఎదురింటివాళ్లను కేకేసింది, దారిన పోయేవాళ్లను ఆపింది. జీవితంలో ఇంత సంతోషం ఎప్పుడు కలిగిందో ఆమెకే గుర్తు లేదు. భూమక్క నోట్లో చక్కెర నములుతూనే ఫోన్ అందుకుని ఫోటో తెరిచింది.

నాలుగేళ్లూ సెలవులకు ఈరవ్వ ఇంటికే వచ్చి ఉన్న ఆ పిల్ల కెన్యా పాస్‌పోర్టులో మూడు సింహాల మన దేశపు వీసా ఉంది.