పేరు రాయని జవాబు

"తాగుడు మానేసిన మనిషిని అల్లుడిగా చేసుకుంటారా?" వ్యసనాల మీద పరిశోధన చేస్తున్న ఆరాధన తర్వాతి ప్రశ్న చదివింది.

చర్చి అరుగు మీద కూర్చున్న సంతోషమ్మ గొంతు తగ్గించింది. "పేరు రాస్తాండావా పాపా?"

"పేర్లు రాయమమ్మా."

"అట్లయితే వద్దని రాయి. తెలిసి తెలిసి కూతుర్ని బాయిలో తోస్తామా?"

"ఫోన్లో యాప్ చూసుకుంటూ తనంతట తానే మానుకున్నా?"

"ఆ ఫోను పగిలిపోతే మళ్లా తాగడా?"

వెనక అలికిడైంది. ప్రార్థనకు పరిచిన చాపలు చుట్టి భుజాన పెట్టుకుని లేవి అనే కుర్రాడు నిలబడి ఉన్నాడు. ఫోన్ సాయంతో తాగుడెలా మానాడో ఇందాకే ప్రార్థనలో అందరి ముందూ సాక్ష్యం చెప్పాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది సంతోషమ్మే.

"నిన్ను కాదప్పా..." అంది.

"సరిగ్గానే చెప్పినారు. నాకు చెల్లెలుంటే నేనూ అట్లే చెప్తా."

చాపలు మూలన పెట్టి, చెప్పులేసుకుని, గేటు దగ్గర ఆగి చేతులు జోడించాడు.

"వందనాలమ్మా."

సంతోషమ్మ తలెత్తలేకపోయింది. చిన్నప్పటి నుంచీ వాడికి ఆమె అత్తే. పొద్దున చర్చి మెట్లెక్కుతూ కూడా, "సాక్ష్యం చెప్పాలంటే శానా భయమైతాంది అత్తా" అని ఆమెతోనే అన్నాడు.