అందరి గ్లాసు

"ఆ గ్లాసు బయట పారెయ్. నీ ఎంగిలి ఇంకెవరు తాగుతారు?" తనిఖీకొచ్చిన యూరప్ దొరసాని కారు గేటు దాటగానే, పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ బంతుల ఫ్యాక్టరీ మేనేజర్ నిసార్ కసిరాడు.

"ఇందాక ఆవిడ ముందు అందరూ తాగే ఈ గ్లాసులోనే తాగమన్నది మీరే కదా సాబ్," అంది బంతులు కుట్టే రఖిల్.

"మీ క్రైస్తవుల్ని బాగా చూస్తున్నామని ఆవిడ నమ్మితేనే వాళ్ల దేశాల్లో మన బంతులకి సుంకం ఉండదు. అందుకు తాగమన్నా. నెత్తికెక్కకు."

దొరసాని కొరికి ప్లేటులో వదిలేసిన కేకు ముక్క నోట్లో వేసుకున్నాడు.

"ఆమె మెడలో సిలువ చూడలేదా సాబ్? ఆవిడా మా మతమే."

నిసార్ దవడ ఆగిపోయింది. మింగలేడు, కక్కలేడు.

రఖిల్ ఆ గ్లాసు నిండా నీళ్లు పోసి అతని ముందు పెట్టింది.

"గొంతుకి అడ్డం పడ్డట్టుంది. తాగండి సాబ్."