పుచ్చుకోని దానం

"ఒక్క సంతకం పెట్టు నాయనా, పుణ్యముంటుంది."

గుమ్మంలో చేతికర్రతో నిలబడ్డ ముసలామెను చూడగానే వెల్డింగ్ మేస్త్రికి ఒళ్ళు మండింది.

ఆమె కాంట్రాక్టర్ అక్క.

ఆ కాంట్రాక్టరే మాయమాటలు చెప్పి మేస్త్రి తల్లి చేత వేలిముద్ర వేయించుకున్నాడు. ఆమె బట్టలు కుట్టుకునే గదిని కాస్తా రాయించుకుని, ఆమెను రోడ్డు మీదకు గెంటాడు. ఆ దిగులుతోనే ఆమె పోయింది.

"మీ తమ్ముడికి మా అమ్మ వేలిముద్ర చాల్లేదా? ఇప్పుడు నా సంతకం కూడా కావాలా?"

"అది కాదు నాయనా, ఆ గది..."

"ఆ గది మాటెత్తితే మర్యాద దక్కదు!"

మేస్త్రి గ్రైండర్ ఆన్ చేశాడు. ఆమె ఏదో చెబుతూనే ఉంది. ఒక్క ముక్క వినిపించలేదు. వినదలచుకోలేదు కూడా.

మర్నాడు మళ్ళీ వచ్చింది. ఈసారి ఉన్న ఒక్క స్టూలునూ తీసి లోపల పెట్టేశాడు. మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడి, గోడ పట్టుకుని వెళ్ళిపోయింది.

"ఇవాళ నా కడుపు చల్లబడిందే," అన్నాడు భోజనం దగ్గర భార్యతో.

"ఆ పెద్దావిడ నీకేం చేసిందయ్యా? దేనికొచ్చిందో కనుక్కోవచ్చుగా?"

"అంతా ఒక తాను ముక్కలే! రేపు రానీ, రేపూ నిలబెడతా."

ఆమె రాలేదు. వారం తర్వాత ఆమె ప్లీడరు వచ్చాడు.

"ఎంత పని చేశావయ్యా! పెద్దావిడ నిన్న పోయింది. మీ అమ్మ గది నీకు దానంగా రాసింది. పుచ్చుకుంటున్నానని నువ్వొక్క సంతకం పెట్టలేకపోయావా?"

మేస్త్రి గబగబా చేతులు తుడుచుకున్నాడు.

"ఇప్పుడు పెడతాను. ఆ కాగితం ఇలా ఇవ్వండి."

"ఇప్పుడెందుకు? ఇచ్చేవాళ్ళు బతికుండగా పుచ్చుకుంటేనే దానం చెల్లేది."

"మరి గది?"

"ఆవిడకి మొగుడూ పిల్లలూ లేరు. ఉన్నది ఒక్క తమ్ముడు. గది వాడికే పోతుంది."

"మళ్ళీ వాడికా!"

మేస్త్రి గోడకు చేరబడ్డాడు. పగ తీర్చుకుంటున్నాననుకుని, తల్లి గదిని చేతులారా పగవాడికే అప్పజెప్పాడు. అయినా కసి చావలేదు.

"అసలా గది ఆవిడ చేతికెలా వచ్చింది? తమ్ముడు ముష్టి పడేశాడా?"

ప్లీడరు మెట్టు దిగబోతూ ఆగాడు.

"పుట్టింటి ఆస్తిలో తన వాటా మొత్తం తమ్ముడి మొహాన కొట్టి, బదులుగా ఆ ఒక్క గదీ నీకోసమే రాయించుకుందయ్యా."