చెంచాడు చేపనూనె

సందెవేళ గౌరి మగ్గం గుంతలో పడింది. నాలుగేళ్ల పిల్ల. కాళ్ల ముందున్న గుంతే కనపడలేదు.

మరునాడే తల్లి మహాదేవమ్మ బిడ్డను చంకనేసుకుని కోడుమూరు నుంచి కర్నూలు ఆసుపత్రికి పోయింది. నర్సు విశ్వాసమ్మ పిల్ల కనురెప్పలు పైకెత్తి చూసింది.

“రేచీకటమ్మా. ఈ కరువులో గంజినీళ్లే కదా తాగింది? తిండిలో ఆకూ లేదు, చమురూ లేదు. కండ్లు ఎండిపోతాండాయి. సొరచేప నూనె ఇస్తాండా. దినానికొక చెంచా పట్టు.”

మహాదేవమ్మ చెయ్యి చాపబోయి ఆగింది. మెడలో లింగం కట్టుకునే నేతగాళ్ల ఇల్లు వాళ్లది. చేప పేరే ఎత్తరు. అత్త బసమ్మకు తెలిస్తే గడప తొక్కనివ్వదు. అయినా సీసా కొంగున దాచుకుంది. మొగుడితో కూడా చెప్పలేదు.

పగలంతా మగ్గాల దగ్గర మనుషులు. దీపం పెట్టే వేళకే కాస్త వీలు. కొర్రన్నంలో నూనె కలిపి, పైన ఇంత కారం అద్ది, గౌరి నోట్లో పెట్టేది. సరిగ్గా ఆ వేళకే బసమ్మ వచ్చి ఎదురుగా గోడకానుకుని కూర్చునేది. రెప్ప వాల్చకుండా ఇటే చూసేది.

“ఏం వాసనమ్మే?”

“దీపంలో ఆముదం చెడింది అత్తా.”

అబద్ధం చెప్పిన నోటితోనే పొద్దున శివనామం. లింగపూజకు కూర్చుంటే అరచేతుల్లో ఇంకా చేప వాసనే. ఇన్ని దినాలుగా చూస్తూ కూడా అత్త ఆ సీసా ఏందని అడగదేం? ఆ చూపు కింద ముద్ద గబగబా కలిపేసేది.

పదిహేను రోజులు గడిచాయి. ఆ సందెవేళ గౌరి గుంత పక్కనుంచి పరుగెత్తుకొచ్చింది.

“అవ్వా, నీ నూలుకండె ఈడ పడిండాది!” అంటూ తెచ్చి బసమ్మ చేతిలో పెట్టింది.

బసమ్మ రెండు చేతులూ జోడించింది. “శ్రీశైలం మల్లయ్య బిడ్డకు కండ్లిచ్చినాడు! నడిచిపోయి మొక్కు తీర్చుకోవల్ల.”

మహాదేవమ్మ ఇక తట్టుకోలేకపోయింది. సీసా తెచ్చి అత్త ఒడిలో పెట్టి, కాళ్ల మీద పడింది.

“చేపనూనె అత్తా. నేనే తినిపించినా. దినామూ నీ ఎదురుగానే కలిపినా. కండ్లారా చూసి కూడా ఒక్క మాట అనకపోతివి. దానికంటే కొట్టినా బాగుండు!”

బసమ్మ ఒడిలోని సీసాను చేత్తో తడిమింది.

“ఇంగా మిగిలుంటే నాకూ ఒక చెంచా పొయ్యమ్మే, పొద్దు గూకినాక నీ మొగం చూసి మూడేండ్లాయె.”