రూపాయి ఆఫీసరు

1966 జూన్‌లో ఢిల్లీ సర్కారు రూపాయి విలువ తగ్గించిందని రేడియోలో విన్న మర్నాడే హనుమండ్లు ఆఫీసరైపోయాడు.

ఆసిఫాబాద్ కచేరీ ముందు అర్జీలు రాసుకుని బతికే అతనికి విలువ తగ్గడమంటే ఏమిటో తెలియదు. మొన్నటిదాకా ఐదు రూపాయల లోపున్న అమెరికా డాలరు ఒక్కసారిగా ఏడున్నర అయిందట. అప్పులిచ్చే దేశాలు పట్టుబట్టాయట. తనకే తెలియనిది పల్లెల్లో ఎవరికి తెలుస్తుంది? ఆ ధైర్యంతోనే ఖాకీ కోటు తొడిగి, ఒక రబ్బరు ముద్ర సంచిలో వేసుకుని ఇచ్చోడ బస్సెక్కాడు.

అక్కడి పత్తి బేరగాడు అంతయ్య ఊళ్లు తిరుగుతుంటాడనీ, నోట్ల పెట్టెతో ఇంట్లో పెళ్లాం ఒక్కతే ఉంటుందనీ విన్నాడు.

అంతయ్య ఇంటి తలుపు ఓరగా తెరిచి ఉంది. గడప దాటాడో లేదో, చంకలో ఇనప్పెట్టెతో ఒకామె ఎదురైంది. ఖాకీ కోటును చూసి గిరుక్కున వెనక్కి తిరిగింది.

'వార్త అప్పుడే చేరింది. దాచెయ్యబోతోంది' అనుకున్నాడు హనుమండ్లు.

"ఆగు! నేను రూపాయి ఆఫీసర్ని. పెట్టె ఎటు తీస్కపోతున్నవ్?"

"ఎటు లేదు సారూ..."

"ఇగ పాత రూపాయి పదణాలకే చెల్లుతది. ఢిల్లీ ముద్ర పడితేనే నిండు రూపాయి. పెట్టె ఇటియ్యి, ముద్రేయించి ఎల్లుండి తెచ్చిస్త. దాస్తే మాత్రం జైలే!"

మాట పూర్తికాకముందే పెట్టె అతని చేతిలో ఉంది.

"మొత్తం గిందులనే ఉన్నది సారూ. ఒక్క నోటు సుత ముట్టలే."

"రసీదు రాసిస్త."

"రసీదెందుకు సారూ! నన్ను జైలుకైతే పంపరు గద?"

"ఫికర్ జెయ్యకు. పో."

ఆమె దండం పెట్టి పెరటి గుమ్మంలోంచి పరుగే పరుగు. ఎంత అమాయకురాలో అని హనుమండ్లుకు నిజంగానే జాలేసింది. ఈ డబ్బులో నుంచి ఆమెకొక చీర పంపాలనుకున్నాడు.

పెట్టె నెత్తిన పెట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి, కూరగాయల గంపతో ఎవరో ఆడమనిషి అడ్డం నిలబడింది.

"ఎవలయ్యా నువ్వు? గా పెట్టె ఎక్కడిది?"

"సర్కారు పని, జరుగు. అంతయ్య పెండ్లామే తన చేతులతోటి ఇచ్చింది. కావాలంటే పోయి అడుగు."

ఆమె గంప కింద పడేసి అతని కోటు కాలరు పట్టుకుంది.

"అంతయ్య పెండ్లాన్ని నేను! తాళమేసి అంగడికి పోయి గిప్పుడే వస్తున్న. నీకిచ్చింది ఎవతిరా?"