ఇద్దరుంటే టోల్ లేదు

జనవరి సాయంత్రం, ఆఫీసులు వదిలే వేళకే లాస్ ఏంజెలెస్‌లో చీకటి పడిపోయింది. పక్క వరుసల్లో కార్లు నత్తల్లా పాకుతుంటే, టోల్ వరుసలో నోయెమి కారు ఒక్కటే రివ్వున పోతోంది. ముందు అద్దానికి అతికించిన టోల్ పరికరం మీద మీట ఇంకా రెండు అంకె దగ్గరే ఉంది. కారులో ఇద్దరుంటే ఆ వరుసలో టోల్ లేదు. రోజూ పక్కన కూర్చుని వచ్చే భర్త ఎఫ్రాయిన్ క్రిస్మస్ ముందు పోయాడు. మీటను ఒకటికి జరపడానికి ఆమెకు చెయ్యి రాలేదు.

వెనక పోలీసు దీపం వెలిగింది. నోయెమి రోడ్డు మధ్య గోడవారగా కారు ఆపింది.

"ఇద్దరని పెట్టారు. రెండోవాళ్లెవరు, మేడమ్?" అన్నాడు పోలీసు కిటికీ దగ్గరికొచ్చి.

"తప్పే ఆఫీసర్. ఒక్కదాన్నే..." ఆమె లైసెన్సు తీసి చాపింది.

అతను టార్చి లోపలికి వేశాడు. "ఒక్కరేంటి, ఆయన ఉన్నారుగా! చీకట్లో కనపళ్లేదు, ఏమనుకోకండి. కాస్త బెల్టు పెట్టుకోమనండి."

అతను వెళ్లిపోయాడు. పక్క సీటు ఖాళీగానే ఉంది. అయినా నోయెమికి భయం వెయ్యలేదు. భర్త పోయాక మొదటిసారి గుండె తేలికపడింది. ఆ సీటు మీద చెయ్యి వేసి, "విన్నావా, మొండిఘటం! బెల్టు పెట్టుకో" అంది ఏడుస్తూనే నవ్వుతూ.

బెల్టు జరజరా లాగిన చప్పుడైంది. తర్వాత క్లిప్పు టక్కుమని పడింది.

రెండూ ఆమె వీపు వెనక సీటులోంచి వినిపించాయి. వెనక కూర్చుంటే కడుపులో తిప్పుతుందని ఎఫ్రాయిన్ ఏనాడూ ఆ సీటెక్కలేదు.